జాకాని తిట్టే ముందు, అతన్ని ఎక్కడ నిలబెట్టారో చూడండి

పోస్టు కొంచెం పెద్దదే, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన దగ్గర ఫుట్‌బాల్ మాట వస్తే చాలు, ఆటగాళ్ళకి సర్టిఫికెట్లు ఇచ్చేస్తాం. ఒకడు వేస్ట్, ఒకడు లెజెండ్, ఇంకొకడు కోపిష్టి, టీమ్‌ని ముంచేరకం. ఈ మూడో సర్టిఫికెట్‌ని ఏళ్ళ తరబడి మోసినవాడు స్విట్జర్లాండ్ మిడ్‌ఫీల్డర్ గ్రానిట్ జాకా. ఇంగ్లీషులో అతని ఇంటిపేరు చూసి ఎలా పలకాలో తెలియక చాలామంది ఏదేదో అంటారు. అది అల్బేనియన్ పేరు. ఆ భాషలో ఎక్స్, హెచ్ పక్కపక్కన వస్తే 'జ' అని పలకాలి. కాబట్టి జాకా.

నా మాట ముందే చెప్పేస్తా. "జాకా మొదట్లో చెడ్డ ఆటగాడు, తర్వాత బుద్ధి తెచ్చుకుని మంచివాడయ్యాడు" అని యూట్యూబ్‌లో చెప్పే కథ నాకు నచ్చదు. మనిషి కొంత మారాడు, నిజమే. కానీ ఎక్కువగా మారింది మైదానంలో అతన్ని నిలబెట్టిన చోటు, అతని పక్కన ఆడిన మనుషులు. ఇది తేలాలంటే క్లబ్బు క్లబ్బుగా చూడాలి.

జాకా 1992లో బాజెల్ నగరంలో పుట్టాడు. అమ్మానాన్నలు కొసావో అల్బేనియన్లు. నాన్న చదువుకునే రోజుల్లో యుగోస్లావియా ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఊరేగింపుల్లో పాల్గొన్నందుకు మూడున్నరేళ్ళు జైల్లో ఉన్నాడు. విడుదలయ్యాక స్విట్జర్లాండ్ వచ్చేశారు. ఇద్దరు కొడుకులూ ఫుట్‌బాలర్లే. అన్న తౌలాంత్ అల్బేనియా దేశానికి ఆడాడు, తమ్ముడు గ్రానిట్ స్విట్జర్లాండ్‌కి. 2016 యూరో కప్‌లో అన్నదమ్ములిద్దరూ ఎదురెదురుగా ఆడితే, వాళ్ళమ్మ రెండు జెండాలు చెరిసగం ఉన్న టీషర్ట్ వేసుకుని స్టాండ్‌లో కూర్చుంది. ఆ ఫోటో మీలో కొందరు చూసే ఉంటారు. దేశాల సంగతి అంతటితో ఆపేస్తా. నా పోస్టు క్లబ్బుల గురించి.

చిన్నప్పుడు కాంకోర్డియా బాజెల్ అనే చిన్న క్లబ్బు, తర్వాత ఊళ్ళోని పెద్ద క్లబ్బు ఎఫ్‌సి బాజెల్. 2009లో నైజీరియాలో జరిగిన అండర్-17 వరల్డ్ కప్ గెలిచిన స్విస్ టీమ్‌లో జాకా ఉన్నాడు. ఆ వయసులో వరల్డ్ కప్ గెలిస్తే ఏజెంట్లు ఇంటి ముందు క్యూ కడతారు. పెద్ద పెద్ద దేశాల క్లబ్బుల యూత్ టీముల్లోకి వెళ్ళిపోయి, అక్కడే బెంచీ మీద కూర్చుని మాయమైపోయిన పిల్లలు కోకొల్లలు. జాకా వెళ్ళలేదు. ఊళ్ళోనే ఉండి 2010 జూలైలో, ఇంకా 18 నిండకుండానే, చాంపియన్స్ లీగ్ క్వాలిఫయింగ్‌లో హంగరీ టీమ్ డెబ్రెట్సెన్ మీద ఫస్ట్ టీమ్‌కి ఆడి, అదే మ్యాచ్‌లో గోల్ కొట్టాడు. రెండు సీజన్లలో రెండు స్విస్ లీగ్ టైటిళ్ళు, ఒక స్విస్ కప్. 2011 డిసెంబర్‌లో మాంచెస్టర్ యునైటెడ్‌ని 2-1తో ఓడించి చాంపియన్స్ లీగ్ నుంచి ఇంటికి పంపిన బాజెల్ టీమ్ ఇదే. తర్వాతి రౌండ్‌లో బయర్న్ మ్యూనిక్ చేతిలో 7-0తో చితికిపోయిందీ ఇదే టీమ్. పందొమ్మిదేళ్ళకే రెండూ చూసేశాడు.

2012లో జర్మనీకి, బొరూసియా మోన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌కి వెళ్ళాడు. పేరు పలకడమే ఒక మ్యాచ్ ఆడినంత పని, అందుకే గ్లాడ్‌బాఖ్ అందాం. కోచ్ లూసియన్ ఫావ్ర్, ఆయనా స్విస్సే. మొదటి సీజన్ బాగాలేదు. బెంచీ మీద కూర్చోవాల్సి వచ్చింది. రెండో సీజన్ నుంచి కుదురుకున్నాడు. 2014-15లో గ్లాడ్‌బాఖ్ మూడో స్థానంలో నిలిచి చాంపియన్స్ లీగ్‌కి వెళ్ళింది. తర్వాతి సీజన్ మొదట్లో వరుసగా ఐదు లీగ్ మ్యాచ్‌లు ఓడిపోయి ఫావ్ర్ రాజీనామా చేస్తే, కొత్త కోచ్ ఆంద్రే షూబర్ట్ కెప్టెన్సీ ఇచ్చింది ఎవరికి? ఈ "ముక్కు మీద కోపం" పిల్లాడికే. అప్పుడతనికి 23 ఏళ్ళు. ఐదు ఓడిన టీమ్ ఆ వెంటనే వరుసగా ఆరు గెలిచింది, సీజన్ చివరికి నాలుగో స్థానం. ఎర్ర కార్డుల పేరు కూడా ఇక్కడే మొదలైంది, అది దాచను. కానీ మునిగిపోతున్న టీమ్‌ని అప్పగించదగ్గ మనిషి అని ఒక కోచ్ అతన్ని అప్పుడే గుర్తించాడని మర్చిపోకండి. తర్వాత లండన్‌లో జరిగినదాన్ని బట్టి అతనికి నాయకత్వమే రాదన్నవాళ్ళకి ఈ సీజన్ గుర్తుండదు.

2016 మేలో ఆర్సెనల్ కొనుక్కుంది. 3 కోట్ల పౌండ్లకి పైనే అని వార్తలు. ఆర్సెన్ వెంగర్ కోచ్. ఇక అసలు కథ ఇక్కడ.

కొంచెం ఆట గురించి మాట్లాడాలి. జాకా బలం ఎడమ కాలు. మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి బంతిని చేత్తో పెట్టినట్టు వేస్తాడు. ఇద్దరు మీదికొచ్చినా తల పైకెత్తి చూస్తాడు. దూరం నుంచి షాట్ కొడితే గోల్‌కీపర్‌కి చెమటలే. బలహీనత కూడా దాచేది కాదు, అతను వేగంగా పరిగెత్తలేడు. వెనక్కి తిరిగి పరిగెత్తాల్సి వస్తే మరీ కష్టం. ఇలాంటి వాడిని డిఫెన్స్ ముందు నిలబెట్టి, చుట్టూ మనుషుల్ని సర్దకుండా, ఎదుటి టీమ్ కౌంటర్ ఎటాక్‌కి వచ్చినప్పుడు ఆ ఖాళీ అంతా నువ్వే కాయాలి అంటే ఏమవుతుంది? ఒక అడుగు ఆలస్యంగా చేరతాడు. ఆలస్యంగా చేరినవాడి ట్యాకిల్ బంతికి తగలదు, మనిషికి తగులుతుంది. ఫౌల్, కార్డు, లేదా పెనాల్టీ. వెంగర్ చివరి రోజుల్లో, తర్వాత ఉనాయ్ ఎమెరీ కాలంలో ఆర్సెనల్ మధ్యభాగం అలాగే ఉండేది, తలుపులు లేని ఇల్లులాగా.

కబడ్డీ ఆడేవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కార్నర్‌లో కాలు పట్టేవాడిని రోజూ రైడింగ్‌కి పంపి, పాయింట్ తేలేదని తిడితే తప్పెవరిది?

అలాగని జాకాని పూర్తిగా వెనకేసుకురాను. ఆర్సెనల్‌లో ఐదు రెడ్ కార్డులు తీసుకున్నాడు. 2016 అక్టోబర్‌లో స్వాన్సీ మీద, 2017 జనవరిలో బర్న్లీ మీద, మళ్ళీ 2020 డిసెంబర్‌లో బర్న్లీ మీదే, 2021 ఆగస్టులో మాంచెస్టర్ సిటీ మీద, 2022 జనవరిలో లీగ్ కప్ సెమీఫైనల్లో లివర్‌పూల్ మీద. ఇందులో 2020 నాటిది ఏ కోచ్ మీదా తొయ్యలేం. ఎదుటి ఆటగాడి మెడ పట్టుకున్నాడు. అది చోటు వల్ల కాదు, చేతి వల్ల. ఆ మ్యాచ్ ఆర్సెనల్ 1-0తో ఓడింది. 2019 సెప్టెంబర్‌లో టోటెన్‌హామ్ మీద సన్‌ని పడగొట్టి పెనాల్టీ ఇచ్చింది కూడా తొందరపాటే. 2-1తో ఆధిక్యం తగ్గించుకునే దాకా కాదు, ఏకంగా రెండు గోల్స్ వెనకపడేలా చేసిన పెనాల్టీ అది. టీమ్ తర్వాత కష్టపడి 2-2 చేసుకుంది. మ్యాచ్ బిగుసుకున్న ప్రతిసారీ ముందు తల వేడెక్కేది ఇతనికే అని ఫ్యాన్స్ అనుకోవడంలో తప్పు లేదు.

అదే నెలలో ఎమెరీ అతన్ని కెప్టెన్‌గా ప్రకటించాడు. కోచ్ ఆటగాళ్ళ చేత ఓటు వేయించి పెట్టిన కెప్టెన్ అతను. స్టాండ్‌లో ఉన్నవాళ్ళకి వద్దు, డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్నవాళ్ళకి కావాలి. ఈ తేడా ఎందుకో ఎవరూ ఆగి ఆలోచించలేదు.

నెల తిరక్కుండానే, 2019 అక్టోబర్ 27న, క్రిస్టల్ ప్యాలెస్‌తో సొంత గ్రౌండ్‌లో మ్యాచ్. ఆర్సెనల్ 2-0తో ముందుండి 2-2కి వచ్చేసింది. 61వ నిమిషంలో జాకాని బయటికి పిలిచారు. తన నంబర్ బోర్డు మీద కనపడగానే సొంత స్టేడియమే కేకలు, ఎద్దేవా. అతను మెల్లగా నడిచాడు. చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఇంకా అరవండి" అన్నట్టు సైగ చేశాడు. నోటికొచ్చింది అన్నాడు. జెర్సీ విప్పి తిన్నగా లోపలికి వెళ్ళిపోయాడు. అతని స్థానంలో వచ్చిన కుర్రాడు బుకాయో సాకా, అప్పటికి 18 ఏళ్ళు. ఈ పేరు గుర్తుంచుకోండి.

కొన్ని రోజుల తర్వాత జాకా ఒక ప్రకటన పెట్టాడు. నీ కాళ్ళు విరగ్గొడతామని, నీ భార్యని చంపుతామని, నీ కూతురికి క్యాన్సర్ రావాలని తనకి మెసేజ్‌లు వచ్చాయని అందులో చెప్పాడు. ఆ పాప అప్పటికి నెలల పిల్ల. గోరుచుట్టు మీద రోకలిపోటులా నవంబర్ మొదటివారంలోనే కెప్టెన్సీ పోయింది. ఆ నెలాఖరుకి ఎమెరీ ఉద్యోగమూ పోయింది.

ఇక్కడ నా అభిప్రాయం సూటిగా చెప్తా. జెర్సీ విప్పడం తప్పు. కెప్టెన్ అలా చేయకూడదు. క్లబ్బు కెప్టెన్సీ తీసేయడం కూడా న్యాయమే. కానీ నెలల పిల్లకి క్యాన్సర్ రావాలని టైప్ చేసినవాడి తప్పుని, ఒక చొక్కా విప్పినవాడి తప్పుని ఒకే తక్కెడలో పెట్టడం నాకు చేతకాదు. ఆ మెసేజ్‌లు పెట్టినవాళ్ళు రాక్షసులేం కాదు, మనలాగే మ్యాచ్ చూసి ఫోన్ చేతిలోకి తీసుకున్న మామూలు కుర్రాళ్ళు. ఇది చదువుతున్న తమ్ముళ్ళలో కూడా ఎవరైనా మ్యాచ్ ఓడిన రాత్రి ఏదో ఆటగాడి పేజీకి వెళ్ళి ఇంట్లోవాళ్ళని తిట్టి ఉంటే, ఆ మాట చేరదని అనుకోకండి. చేరుతుంది.

డిసెంబర్‌లో మికెల్ ఆర్టెటా కోచ్‌గా వచ్చేసరికి జాకా వెళ్ళిపోవడానికి సిద్ధం. పెట్టెలు సర్దేసుకున్నానని తర్వాత అతనే చెప్పాడు. జర్మనీలో హెర్తా బెర్లిన్‌తో మాటలు నడుస్తున్నాయి. ఆర్టెటా ఆపాడు. ఆరు నెలలు చూడు, అప్పటికీ వెళ్ళాలనిపిస్తే వెళ్ళు అన్న ధోరణిలో మాట్లాడాడు. ఉండిపోయాడు. తనని తిట్టిన అదే స్టేడియంలో, అదే జెర్సీ మళ్ళీ వేసుకోవడం. క్లబ్బు మారిపోవడం ఎంత తేలికో, ఇది అంత కష్టం. 2020 ఆగస్టులో చెల్సీ మీద ఎఫ్‌ఏ కప్ ఫైనల్, కొవిడ్ వల్ల ఖాళీ వెంబ్లీ స్టేడియం. చెల్సీ ఆటగాడు కొవాచిచ్ రెండో పసుపు కార్డుతో బయటికి పోయింది జాకాని ఫౌల్ చేసినందుకే. ఈసారి కార్డు అటువైపు. ఆర్సెనల్ 2-1తో గెలిచింది. 2017 తర్వాత ఇది అతనికి ఆర్సెనల్‌తో రెండో ఎఫ్‌ఏ కప్.

తర్వాత కూడా దారి సాఫీగా లేదు. ఎడమ బ్యాక్ గాయపడితే 2021లో కొన్ని వారాలు అక్కడ ఆడించారు. నోరెత్తకుండా ఆడాడు. ఆ వేసవిలో రోమా క్లబ్బుకి దాదాపు వెళ్ళిపోయాడు, బేరం కుదరలేదు, కొత్త ఒప్పందం రాసుకుని ఉండిపోయాడు.

2022-23 సీజన్‌లో అసలు మార్పు వచ్చింది. థామస్ పార్టీ డిఫెన్స్ ముందు నిలబడ్డాడు. ఎడమ బ్యాక్ జిన్‌చెంకో లోపలికి జరిగి పార్టీ పక్కన చేరేవాడు. అంటే జాకా కాయాల్సిన ఖాళీని వేరే ఇద్దరు కాస్తున్నారు. జాకాని ఎడమవైపు ముందుకి, దాదాపు పెనాల్టీ బాక్స్ అంచు దాకా పంపారు. ఇక వెనక్కి తిరిగి పరిగెత్తే పని తగ్గింది, ముందుకి చూసే పని పెరిగింది. లీగ్‌లో 7 గోల్స్ కొట్టాడు. అంతకు ముందు ఆర్సెనల్‌లో ఏ సీజన్‌లోనూ అన్ని లేవు. రెడ్ కార్డు ఒక్కటీ లేదు. అదే మనిషి, అదే ముప్ఫయ్యేళ్ళ కాళ్ళు. టీమ్ 248 రోజులు లీగ్ పైన ఉండి, చివరికి సిటీ వెనక రెండో స్థానంలో ఆగిపోయింది. అది వేరే ఏడుపు, ఇంకో పోస్టులో ఏడుద్దాం.

సీజన్ చివరి మ్యాచ్, 2023 మే 28, వోల్వ్స్ మీద. వెళ్ళిపోతున్నాడని అందరికీ తెలుసు. మొదటి పావుగంటలోనే రెండు గోల్స్ కొట్టాడు. నాలుగేళ్ళ కిందట ఎద్దేవా చేసిన స్టేడియం నువ్వు ఉండిపోవాలి అని పాట పాడింది. 297 మ్యాచ్‌ల లెక్క అక్కడ ముగిసింది.

ఇదంతా ఆర్టెటా మహిమ అనేవాళ్ళు ఉంటారు. సరే, మరి లెవర్కూసెన్‌లో ఆర్టెటా లేడు కదా?

2023 జూలైలో 30 ఏళ్ళ వయసులో బేయర్ లెవర్కూసెన్‌కి వెళ్ళాడు. ఆ క్లబ్బుని జర్మనీలో "ఎప్పటికీ రెండో స్థానమే" అని వెక్కిరించేవాళ్ళు. 2002లో మూడు కప్పుల దగ్గరా రెండో స్థానంలో ఆగిపోయిన చరిత్ర దానిది. బుండెస్‌లీగా ఒక్కసారీ గెలవలేదు. బయర్న్ అప్పటికి వరుసగా 11 సార్లు గెలిచింది. కోచ్ షాబీ అలోన్సో. తను ఆడే రోజుల్లో ఆయనదీ ఇదే చోటు, ఇదే రకం ఆట. వేగం లేని మిడ్‌ఫీల్డర్ ఎలా బతకాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జాకాని మళ్ళీ వెనక్కి, డిఫెన్స్ ముందుకే తెచ్చాడు. అంటే లండన్‌లో తిట్లు తిన్న చోటుకే. కానీ ఈసారి వెనక ముగ్గురు డిఫెండర్లు, పక్కన పలాసియోస్ గానీ ఆండ్రిక్ గానీ, ముందు విర్ట్జ్ లాంటి కుర్రాడు. అందరూ దగ్గరదగ్గరగా. ఖాళీ లేదు, కాబట్టి ఆలస్యంగా చేరే పనీ లేదు.

34 లీగ్ మ్యాచ్‌ల్లో 28 గెలుపులు, 6 డ్రాలు, ఓటమి సున్నా. 2024 ఏప్రిల్ 14న వెర్డర్ బ్రెమెన్ మీద 5-0తో గెలిచి, ఇంకా ఐదు మ్యాచ్‌లుండగానే మొట్టమొదటి టైటిల్. ఆ రోజు రెండో గోల్ జాకాదే, బాక్స్ బయటి నుంచి ఎడమ కాలితో. అన్ని పోటీలూ కలిపి 51 మ్యాచ్‌లు ఓడకుండా వెళ్ళి, మే 22న యూరోపా లీగ్ ఫైనల్లో అటలాంటా చేతిలో 3-0తో ఓడిపోయారు. మూడు రోజులకే జర్మన్ కప్ ఫైనల్. 1-0తో గెలిచారు. ఆ ఒక్క గోల్ ఎవరిదో చెప్పక్కర్లేదు.

నా వాదనకి ఎదురుగా ఒక మంచి ప్రశ్న ఉంది. బలమైన టీమ్‌లో, చుట్టూ అన్నీ సర్దిపెడితే ఎవడైనా బాగానే ఆడతాడు, అందులో జాకా గొప్పేముంది? దీనికి జవాబు 2025 వేసవిలో వచ్చింది. లెవర్కూసెన్ నుంచి అలోన్సో, విర్ట్జ్, ఫ్రింపాంగ్, తాహ్ అందరూ వెళ్ళిపోయారు. జాకా కూడా కదిలాడు, కానీ పెద్ద క్లబ్బుకి కాదు. ఎనిమిదేళ్ళ తర్వాత ప్రీమియర్ లీగ్‌కి తిరిగొచ్చిన సండర్లాండ్‌కి. మధ్యలో మూడో డివిజన్ దాకా పడిపోయిన క్లబ్బు అది. పక్కన ఆడేవాళ్ళలో చాలామంది ఇరవై దాటిన పిల్లలు. కోచ్ రెజిస్ ల బ్రి అతనికి ఇచ్చిన మొదటి వస్తువుల్లో ఒకటి కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్. లండన్‌లో చేజారినది, అదే లీగ్‌లో, 32 ఏళ్ళ వయసులో. మొదటి మ్యాచ్‌లోనే వెస్ట్‌హామ్ మీద 3-0.

నవంబర్ 8న ఆర్సెనల్ వాళ్ళ ఊరికి వచ్చింది. అప్పటికి వరుసగా ఎనిమిది మ్యాచ్‌లు ఒక్క గోల్ కూడా ఇవ్వని టీమ్ అది. సండర్లాండే ముందు గోల్ కొట్టింది. తర్వాత ఆర్సెనల్ తరఫున స్కోరు సమం చేసింది ఎవరనుకున్నారు, ఆ రోజు జాకా స్థానంలో దిగిన సాకానే. ఆ తర్వాత ఆర్సెనల్ ముందుకెళ్ళింది, ఆఖరి నిమిషాల్లో బ్రాబీ కొట్టిన గోల్‌తో 2-2.

జాకా వెళ్ళిన వేసవిలోనే ఆర్సెనల్ హావెర్ట్జ్‌ని కొంది, డెక్లాన్ రైస్‌ని రికార్డు ధరకి కొంది. రైస్ విషయంలో నాకు పేచీ లేదు. కానీ జాకాని ఇంకొక్క ఏడాది ఉంచి ఉంటే 2023-24లో ఆ రెండు పాయింట్ల తేడాతో సిటీకి టైటిల్ వదిలేవాళ్ళు కాదని నేనంటా. ఆర్సెనల్ ఫ్యాన్స్ మన గ్రూపులో తక్కువేం లేరు, కాదనేవాళ్ళు కింద రాయండి. జాకాని తిట్టినా పర్లేదు. వాళ్ళింట్లోవాళ్ళని మాత్రం వదిలెయ్యండి.